ముందుగా రాసిన సున్నా

మార్చి మొదటి మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు నా నోటుపుస్తకంలో నేను రాసుకున్నది ఒక్క వరుస. "సున్నా. ఆగ్నేయాన మబ్బు, చిక్కగా ఉంది." దానికి గంటన్నర ముందే, అంటే ఏడింటికే, నేను వాన గేజీ చూశానని, చుక్క లేదని, ఆకాశం తేటగా ఉందని, కల్లాల్లో మిరపకాయలు నిశ్చింతగా పరుచుకోమని ఊరందరికీ చెప్పానట. ఈ సంగతి నాకు బుధవారం తెలిసింది. నా వయసు డెబ్బై నాలుగు. చేయని పనికి నన్నెవరైనా నిలదీయడం ఇన్నేళ్లలో అదే మొదలు.

నేను రెవెన్యూ ఆఫీసులో ముప్పై ఒక్క సంవత్సరాలు గుమస్తాగా పనిచేశాను. అందులో ఇరవై రెండేళ్లు వర్షపాతం రిజిస్టరు నా చేతిలోనే ఉంది. ఆఫీసు ఆవరణలో ఒక రేకు డబ్బా, దాని మీద గరాటు, లోపల సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్లు కొలగ్లాసులో పోసి ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి. గ్లాసును కంటి ఎత్తుకు తేవాలి తప్ప కన్నును గ్లాసు మీదికి వంచకూడదు. నీళ్లు లేకపోతే సున్నా రాయాలి. ఆ సున్నా కూడా చూసి రాయాలి. ఒక వేసవిలో నేను సెలవు పెట్టినప్పుడు నా బదులు రాయాల్సిన అటెండరు, మేలో వాన ఎక్కడిదిలే అని, సోమవారమే వారానికి సరిపడా సున్నాలు పెట్టేసి మేనమామ ఊరికి వెళ్లాడు. గురువారం గాలివాన కొట్టింది. ఒక్క సున్నాకు అతనికి మెమో వచ్చింది, ఆ ఏడు ఇంక్రిమెంటు ఆగింది. పాపం అని అందరూ అన్నారు. నేను అనలేదు.

ఉద్యోగ విరమణ అయ్యాక నరసరావుపేట చివర కట్టుకున్న ఇంట్లో, పెరట్లో ఒక గేజీ పెట్టుకున్నాను. పదహారేళ్లు, పదహారు నోటుపుస్తకాలు. జ్వరం వచ్చిన రోజు కూడా గోడ పట్టుకుని వెళ్లి చూశాను. మొదట్లో నవ్విన చుట్టుపక్కల రైతులే రానురాను అలవాటు పడ్డారు. ఎనిమిదిన్నర దాటితే ఎవరో ఒకరు గోడ మీది నుంచి తొంగిచూసి అడుగుతారు. అందరికంటే ఎక్కువ అడిగేది మా వెనక గోడ అవతల స్థలంలో మిరపకాయలు ఆరబెట్టే ఆవిడ. రెండెకరాలు కౌలుకు చేస్తుంది. నన్ను పిన్నీ అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. పొద్దున కాయల మీద కప్పిన పట్టా తీయాలా, ఉంచాలా అన్నది నన్ను అడగకుండా ఆమె ఎప్పుడూ తేల్చుకోదు. ఏదైనా ఊరు వెళ్తే ఫోన్ చేసి అడుగుతుంది. ఆ నమ్మకం నాకు పెన్షన్ కంటే గొప్ప.

మా ఇంటి మేడ మీద గదిలో నా కూతురి కూతురు ఉంటుంది. ఇంజనీరింగు చదివింది. ఉద్యోగం హైదరాబాదులో, కుర్చీ మాత్రం మా మేడ మీద. పొద్దున తొమ్మిదికి చెవులకు ఆ హెడ్‌ఫోను డిప్పలు తగిలించుకుని కూర్చుంటే సాయంత్రం ఆరింటికి గానీ తీయదు. ఏం పనే అంటే "కంటెంట్ రాస్తా అమ్మమ్మా" అనేది. పంట మందుల కంపెనీ కోసమట. ప్రకటనలా అంటే కాదంది.

"మందు పేరు ఎక్కడా ఉండదు. రైతులకు పనికొచ్చే కబుర్లు ఉంటాయి. రోజూ చదివితే వాళ్లకి మన మీద నమ్మకం కుదురుద్ది."

"కుదిరితే?"

"తర్వాత మందు కొంటారు."

"మరి అదేదో మొదటే చెప్పొచ్చుగా?"

"మొదటే చెప్తే ఎవరు చదువుతారు అమ్మమ్మా!"

మా చిన్నప్పుడు జీపుకు మైకు కట్టి, కాగితాలు విసురుతూ మందు అమ్మేవాళ్లు వచ్చేవారు. అమ్మడానికి వచ్చారని కుక్కలకు కూడా తెలిసేది. ఈ పద్ధతి నాకు అంతు చిక్కలేదు. అయినా పిల్ల ఇంట్లో ఉండి నాలుగు అక్షరాలు రాసుకుంటోంది, మంచిదే అనుకున్నాను. కిందటి దసరాకు నా నోటుపుస్తకాలు అడిగితే అలమర తాళం తీసి ఇచ్చాను. ఇన్నేళ్లకు మా ఇంట్లో ఒకరు అవి చదువుతామన్నారు. సంతోషంతో ఆ రోజు రెండు పూటలా పాయసం చేశాను.

ఇక ఆ మంగళవారం. మధ్యాహ్నం మూడుకు ఐదు నిమిషాలు ఉందనగా చినుకు మొదలైంది. వెనక తలుపు తీసి చూస్తే కల్లం నిండా ఎర్రగా పరిచిన కాయలు. మనిషి లేడు, పట్టా లేదు. ఆమె తమ్ముడి కూతురి ఓణీల వేడుకకు తెల్లవారే క్రోసూరు వెళ్లింది. ఆమె భర్త పొలంలో కోత కూలీల దగ్గర ఉన్నాడు. మేడ వైపు తిరిగి మనవరాలిని మూడుసార్లు కేకేశాను. చెవుల్లో డిప్పలు. నేనే గేటు చుట్టూ తిరిగి వెళ్లి, మడిచి పెట్టిన పట్టాల్లో ఒకదాన్ని లాగాను. ఒక మూల కప్పగలిగాను. మొత్తంలో ఐదో వంతు ఉంటుంది. వాన నలభై నిమిషాలు కురిసింది. తడుస్తూ నిలబడి ఆమెనే తిట్టుకున్నాను. రోజూ అడిగే మనిషికి ఇవాళ ఒక్క ఫోన్ చేయడానికి ఏమొచ్చిందని.

బుధవారం ఎనిమిదిన్నరకు గేజీలో పంతొమ్మిది పాయింట్ నాలుగు. రాసి తల ఎత్తేసరికి గోడ అవతల ఆమె. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"నా మీద నీకేం పగ పిన్నీ?" అంది.

"పగేందే? కల్లం అట్టా వదిలేసి పేరంటానికి పోయింది నువ్వు. నన్నొక్క మాట అడిగావా?"

"అడిగేదేంది మళ్లీ? నువ్వే పొద్దున్నే చెప్తివిగా, చుక్క లేదు, పరుచుకోండని! బస్సులో చూసుకుని ఆయనకి ఫోన్ చేసి పట్టాలు తీపించా."

"నేనెవరితో చెప్పా?"

"ఎవరితో ఏంది, లోకంతో!" అంటూ ఫోను నా ముక్కు ముందు పెట్టింది.

నేను వాడేది మీటల ఫోను. ఈ పెద్ద ఫోనుల్లో ఏముంటుందో నాకు తెలియదు. కళ్లజోడు సర్దుకుని చూశాను. అందులో నా గేజీ ఉంది. ఎప్పుడు తీశారో, గ్లాసు పట్టుకున్న నా చెయ్యి ఉంది, బొటనవేలి మీద చిన్నప్పటి కాలిన మచ్చతో సహా. పైన "పల్నాటి అమ్మమ్మ" అని ఉంది. కింద మాటలు. గ్లాసును కంటి ఎత్తుకు తేవాలన్న నా మాట, అచ్చంగా నేను అనే తీరులోనే. ఆ తర్వాత, ఇప్పుడే గేజీ చూసి వస్తున్నానని, ఈ వారం వాన భయం లేదని. గోడ పట్టుకున్నాను.

"ఏడింటికి నేనెప్పుడన్నా గేజీ చూశానటే?" అన్నాను. నాకు తోచింది అదొక్కటే.

"ముసలిదానివి, నిద్రపట్టక తొందరగా లేచావనుకున్నా."

"ఇది నేను చెప్పింది కాదే. నాకు తెలవదు."

"నీ చెయ్యి, నీ గేజీ, నీ మాట. రాసేది నీ మనవరాలు, నీ ఇంట్లోంచే. నీకు తెలవదంటే ఎవరు నమ్ముతారు పిన్నీ? ఐదు నెల్లుగా బజారంతా చూస్తానే ఉంది. ఎరువుల కొట్టాయన నిన్ను చూసి 'ఫోన్ అమ్మమ్మ' అని నవ్వట్లా? కంపెనీ వాళ్లు నీకెంత ఇస్తన్నారని నన్నే అడిగారు నలుగురు."

ఎరువుల కొట్టాయన నవ్వును నేను మర్యాద అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆమె గోడ దగ్గర నుంచి వెళ్లిపోయింది. నా మాట మీద ఆమెకు ఇన్నేళ్లుగా ఉన్న నమ్మకం ఆ కల్లంలో తడిసిన కాయలతో పాటు పోయిందని నాకు అర్థమైంది. కాయలైతే మళ్లీ కోతకు వస్తాయి.

పన్నెండు మెట్లు ఎక్కి పైకి వెళ్లాను. మోకాళ్ల వల్ల రెండేళ్లుగా ఎక్కలేదు. మనవరాలి చెవిలో డిప్ప నేనే లాగాను.

"ఏందే ఇది? మంగళవారం వాన పడదని నీకెవరు చెప్పారు?"

దాని ముఖం పాలిపోయింది. దాచలేదు, అది నిజం. "నీ పుస్తకాలే చెప్పాయి అమ్మమ్మా. ఆ తేదీకి మూడేళ్లుగా సున్నానే ఉంది. అందుకే అట్టా రాశా."

"ఎప్పుడు రాశావు?"

"ఫిబ్రవరి పదో తేదీ."

నేను సరిగ్గా విన్నానా అని మళ్లీ అడిగాను. అదే చెప్పింది. ఒక నెలలో అమ్మమ్మ ఏం చూసింది, ఏం తిన్నది, ఏమనుకున్నది అంతా ముందు నెలలోనే రాసి, తేదీలు కట్టి లోపల పెట్టేస్తారట. సమయం కాగానే యంత్రం దానంతట అదే బయటకు వదులుతుందట. తెరమీద పట్టిక చూపించింది. మా ఆఫీసు రిజిస్టరు లాగే గళ్లు, తేదీలు, వారాలు. రిజిస్టరులో జరిగిన రోజులు ఉంటాయి. ఇందులో ఇంకా జరగని రోజులు ఉన్నాయి. నెలాఖరు దాకా చదివించాను. పద్దెనిమిదో తేదీ నాకు జ్వరం వస్తుందట. ఇరవయ్యో తేదీకి తగ్గుతుందట.

"నాకు జ్వరం ఎందుకే?"

"జ్వరమొస్తే జనం చానా మంది పలకరిస్తారు అమ్మమ్మా. అప్పుడు పేజీ పైకొస్తది."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తర్వాత, నా స్వభావం అది, లెక్క చూడమన్నాను. ఐదు నెలల్లో నూట పద్దెనిమిది పోస్టులు. వాటిలో ముప్పై ఏడింటిలో వానా ఎండల సంగతి ఉంది. నా పుస్తకంతో ఒక్కొక్కటీ సరిచూస్తే ఇరవై రెండు సరిపోయాయి.

"ఇరవై రెండా!" అంది అది, ప్రాణం లేచివచ్చినట్టు. "సగం కంటే ఎక్కువేగా!"

దాన్ని కొట్టలేదు. కొట్టాలనిపించిన మాట వాస్తవం. అప్పుడు అది ఏడుస్తూ చెప్పింది. వాళ్ల బృందంలో తొమ్మిది మంది ఉండేవారట. రాసే యంత్రాలు వచ్చాక ఏడుగురిని తీసేశారట. దీన్ని ఉంచింది ఈ అమ్మమ్మ కోసమే. యంత్రం రాస్తే అమ్మమ్మ మాట అమ్మమ్మ మాటలా ఉండటం లేదని.

"పోస్టు తీసేస్తే నా ఉద్యోగం పోద్ది అమ్మమ్మా."

"తీయమనలా. కింద నిజం రాయి. ఆ మాట ముందుగా రాసిందని, ఆ రోజు ఆగ్నేయాన మబ్బు ఉందని, పంతొమ్మిది పాయింట్ నాలుగు పడిందని, ఒకామె కాయలు తడిశాయని. నాలుగు వరుసలు."

అడగాలంది. తన పైనున్న అతనికి ఫోన్ చేసి, నాకు వినపడేలా పెట్టింది. కుర్రగొంతు. విషయమంతా అది చెప్పింది. కోప్పడతాడనుకున్నాను. అతను సంబరపడ్డాడు.

"అమ్మమ్మ గారు పక్కనే ఉన్నారా? నమస్తే అండీ! మీరు మా స్టార్. నిన్నటి పోస్టు కింద జనం తెగ తిడుతున్నారు, ఇంతమంది ఎప్పుడూ రాలేదు. తీయకండి. కింద నిజం గిజం రాయకండి, నమ్మకం దెబ్బతింటుంది. ఇదే మంచి సమయం. రేపు పొద్దున అమ్మమ్మ చేత ఒక మాట చెప్పిద్దాం. వానకు తడిసిన చేలకు బూజు తెగులు రాకుండా మన మందు కొట్టుకోమని. పేరుతో సహా."

ఐదు నెలలుగా ఎక్కడా కనపడని మందు పేరు అప్పుడు మొదటిసారి విన్నాను. మా వెనక గోడ అవతల వాన పడిన ఇరవై గంటలకు. తప్పు చేస్తే మెమో ఇచ్చే ఆఫీసు నాకు తెలుసు, తప్పు కప్పిపుచ్చే ఆఫీసునూ చూశాను. తప్పు జరిగినందుకు చంకలు గుద్దుకునే ఆఫీసు ఒకటుంటుందని ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

మనవరాలు ఫోను పెట్టేసి తెర వైపు తిరిగింది. తర్వాత నేను చెప్పిన నాలుగు వరుసలూ టైపు చేసింది, ఎవరినీ అడగకుండా. చదివి వినిపించింది. పాయింట్ నాలుగు వదిలేస్తే పెట్టించాను. మీట నొక్కింది. ఇరవై నిమిషాల్లో ఆ నాలుగు వరుసలూ మాయమయ్యాయి. సాయంత్రానికి దాని లాగిన్ మూసేశారు. అంటే ఆఫీసు తాళం మార్చినట్టన్నమాట.

గురువారం పొద్దున ఇద్దరం కల్లానికి వెళ్లాం. తడిసిన కాయలను మళ్లీ పలచగా ఆరబెట్టి, తెల్లబారిన వాటిని ఒక్కొక్కటిగా ఏరి వేరు చేయాలి. వాటిని తాలు అంటారు. కలిసి ఉంటే మిర్చి యార్డులో మొత్తానికీ తాలు ధరే కడతారు. ఆమె మమ్మల్ని రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను ఒక చివర కూర్చున్నాను. మనవరాలు తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ ఏరింది. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకూడదని రెండుసార్లు మంట పుట్టాక తెలుసుకుంది.

"నేను చెప్పింది కాదే అమ్మాయ్," అన్నాను మధ్యాహ్నం, ఆమె నా పక్కగా వెళ్తుంటే.

"సరేలే పిన్నీ," అంది. ఆ సరేలేలో నమ్మకం లేదు. ముసలావిడను ఇంకేమంటాంలే అన్నట్టుంది.

నోటుపుస్తకం తెచ్చి చూపిద్దామనుకున్నాను. మానుకున్నాను. పుస్తకంలో రాసింది మాత్రం నేను ముందు రాయలేదని, వెనక రాయలేదని ఆమెకు ఏం తెలుసు? పదహారేళ్లలో మొదటిసారి నా అక్షరాలకు నేనే సాక్ష్యం వెతుక్కున్నాను.

శుక్రవారం పదింటికి ముగ్గురం అక్కడే ఉన్నాం. నా వేళ్లు మంటతో మొద్దుబారిపోయాయి. ఆమె బొడ్లో ఫోను టింగుమంది. తీసి చూసింది. నా వైపు చూసింది. మళ్లీ ఫోను చూసింది.

"పిన్నీ, నువ్విప్పుడు యాడున్నావు?"

"కళ్లు కనపడట్లేదా? నీ ఎదురుగా తాలు ఏరతా ఉన్నా."

"కాదంట. అమరావతిలో ఉన్నావంట. కృష్ణలో మునిగి, అమరేశ్వరుడికి దండం పెట్టుకుని, ఇప్పుడే రేవు మెట్ల మీద కూర్చున్నావంట. గాలి చల్లగా ఉందంట."

మనవరాలు తల దించుకుంది. లాగిన్ మూసినా, లోపల తేదీలు కట్టి పెట్టినవి ఉన్నాయట. వాటిని ఎవరూ ఆపలేదు. తనను తీసేశారు గానీ తను రాసిన అమ్మమ్మను ఉంచుకున్నారు.

ఆమె ఫోను నా చేతిలో పెట్టింది. ఫొటోలో నది ఉంది, మెట్లు ఉన్నాయి. మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చున్న ఒక ముసలామె ఉంది. నా చీరలాంటి చీర. నేను కాదు. ఎవరో నాకు తెలియదు. అసలు అలాంటి మనిషి ఒకరు ఉందో లేదో కూడా తెలియదు. వేలు తగిలి తెర మీద కారం మరక పడింది.

"అమరావతి వెళ్లి ఎన్నేళ్లయింది పిన్నీ నువ్వు?" అని అడిగింది ఆమె.

"పదకొండేళ్ల నాలుగు నెలలు."

ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి ఫక్కున నవ్వింది. మూడు రోజుల తర్వాత మొదటి నవ్వు. "అబద్ధం చెప్పే మనిషివైతే నాలుగు నెలలు కలుపుతావా! ఓయమ్మో, ఇంతమంది నీ చేత దండాలు పెట్టిస్తన్నారే. చదువు, కింద చదువు."

చదివాను. మా అమ్మాయి పెళ్లి కుదరాలని మొక్కు అమ్మమ్మా. మా పేరున కూడా ఒక మునక వేయి అమ్మమ్మా. మా బోరులో నీళ్లు పడాలని చెప్పు అమ్మమ్మా. అప్పటికి ముప్పై ఒకటి ఉన్నాయి. నేను చూస్తుండగానే ముప్పై నాలుగయ్యాయి. ఒక్కొక్కరూ ఊరి పేరుతో సహా రాశారు, పిల్లల పేర్లు రాశారు. ఆ మొక్కులన్నీ ఎవరు తీసుకుని ఎక్కడికి వెళ్తారు?

"ఇంక అట్టా ఎండలో కూర్చోమాక," అని ఆమె తను కూర్చున్న గోనెపట్టా సగం ఖాళీ చేసి, కొట్టం నీడలోకి నన్ను జరగమంది. జరిగాను. ఫోను ఆమెకు ఇవ్వబోతే తీసుకోలేదు. అది నా ఒడిలోనే టింగు టింగుమంటూ ఉంది. నేను తాలు ఏరుతూ, మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ ఉన్నాను.